పంజాబీ 'శ' కింద చుక్క సరిగ్గా పెట్టిన పాలమూరు డీటీపీ షాపు

మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ దగ్గర ఒక సందులో చిన్న డీటీపీ షాపు ఉంది. బయట పెళ్లికార్డుల శాంపిళ్లు, ఫ్లెక్సీ రోళ్లు. లోపల రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్. మా దాబా బోర్డు, మెనూ కార్డు, ఫోన్‌లో చూసే క్యూఆర్ మెనూ మూడూ పంజాబీలో ఇక్కడే చేయించాను. పంజాబీ రాసే గుర్ముఖి లిపిని ఇంత శ్రద్ధగా కంప్యూటర్‌కు ఎక్కించేవాళ్లు మన దగ్గర దొరకడం గొప్ప విషయం. అందుకే వివరంగా రాస్తున్నాను. షాపు పేరు వేయొద్దని యజమాని కోరాడు. ఉన్న ఇద్దరికీ ఇప్పుడొచ్చే పనే ఎక్కువగా ఉందట. క్లాక్ టవర్ దగ్గర "పంజాబీ బోర్డు చేసినవాళ్లు" అని అడిగితే చూపిస్తారు.

మాది భూత్పూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద శాకాహార దాబా. వంట మా ఆయన చూసుకుంటాడు. లెక్కలు, బోర్డులు, మెనూ నావి. శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారి దాకా పోయే ఈ రోడ్డు పంజాబ్‌లో జలంధర్, లూధియానాల మీదుగా వస్తుంది. మా ముందు ఆగే లారీల్లో పంజాబ్ బండ్లు బాగానే ఉంటాయి. నాందేడ్, బీదర్ గురుద్వారాలు చూసుకుని ఇటు కిందికి దిగే కుటుంబాలు కూడా వస్తాయి. వాళ్లలో పెద్దవాళ్లకు చాలామందికి ఇంగ్లీషు రాదు, కొందరు హిందీ కూడా కూడబలుక్కుని చదువుతారు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టినవాళ్లు. మా తాత ఆ పనుల మీద పోయినప్పుడు ఊరి బోర్డు చదవలేక, ఎక్కడ దిగాలో తెలియక పడ్డ తిప్పలు మా ఇంట్లో అందరికీ తెలుసు. మా దగ్గర ఆగిన మనిషికి తన అక్షరం కనపడాలని, అదీ తప్పుల్లేకుండా కనపడాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఇంతకుముందు వేరే చోట చేయించిన బోర్డు అలా లేదు. "శుద్ధ శాకాహారీ" అని పంజాబీలో రాయించాం. రెండు మాటలూ శ తోనే మొదలవుతాయి. గుర్ముఖిలో శ కు వేరే ఆకారం లేదు. స రాసి, దాని కింద ఒక చుక్క పెడితే అది శ. ఆ చుక్కను వాళ్లు పైర్ బిందీ అంటారు. మా బోర్డు మీద మొదటి మాటలో చుక్క అక్షరం కింద లేదు. పక్కన చుక్కలతో గీసిన ఒక సున్నా వచ్చి, దాని కింద వేలాడుతోంది. రెండో మాటలో చుక్కే లేదు. ఒక పెద్దాయన దాన్ని పైకి "సాకాహారీ" అని చదివి, బోర్డు ఎవరు రాశారని మర్యాదగానే అడిగాడు. మెనూ కార్డులో లస్సీ అన్న మాటలో స కింద ఒక అడ్డదిడ్డం గీత. పకోడాలో డ కింద లేనిపోని చుక్క. బోర్డుకు డబ్బులిచ్చింది మేం, అడిగించుకునేది కూడా మేమే కదా.

ఈ షాపులో కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి ఆ పాత బోర్డు ఫోటో చూడగానే, "తెలుగులో కొట్టి కన్వర్టర్‌లో వేసినట్టుందక్కా" అంది. ఎలా తెలిసిందని అడిగితే, పని ఆపి కాగితం మీద అంకెలు రాసి చూపించింది. నాకు ఈ షాపు మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

కంప్యూటర్ అక్షరాన్ని ఆకారంగా దాచుకోదు, సంఖ్యగా దాచుకుంటుంది. ఏ లిపిలో ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణం చెబుతుంది. మన తెలుగు శ సంఖ్య 3126. పంజాబీ శ 2614. తెలుగు స 3128, పంజాబీ స 2616. తెలుగు క 3093, పంజాబీ క 2581. ఏ జంటను తీసుకున్నా మధ్యలో తేడా 512. ఇది యాదృచ్ఛికం కాదు. 1991లో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ ఇస్కీ అనే ప్రమాణం తెచ్చింది. భారతీయ లిపులు బ్రాహ్మీ సంతానం కాబట్టి అన్నిట్లో క తర్వాత ఖ, ఖ తర్వాత గ అనే వరుస ఒకటే. ఆ వరుసనే అన్ని లిపులకూ కలిపి ఇస్కీలో పెట్టారు. దానికి ముందున్న 1988 నాటి ఇస్కీ రూపాన్ని యూనికోడ్ తీసుకుని, ఒక్కో లిపికి 128 చోట్ల చొప్పున కేటాయించి, లోపల వరుస మాత్రం అలాగే ఉంచింది. గుర్ముఖికి 2560 నుంచి 2687 వరకు, తెలుగుకు 3072 నుంచి 3199 వరకు.

అంటే తెలుగు మాటలోని ప్రతి సంఖ్యలోంచి 512 తీసేస్తే పంజాబీ వచ్చేస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. నాసిరకం కన్వర్టర్లు చేసేది అదే. కమలం అన్న మాటకు అది దాదాపు సరిపోతుంది కూడా. కానీ తెలుగు ష 3127. అందులోంచి 512 తీస్తే 2615, ఆ చోటు గుర్ముఖిలో ఖాళీ. బండి ఱ కూ అంతే. మన పొట్టి ఎ, పొట్టి ఒ లకు ఎదురుగా కూడా అక్కడ ఏమీ లేదు. ఖాళీ చోటుకు పోయిన అక్షరం తెర మీద డబ్బాగా కనిపిస్తుంది. అంతకంటే పెద్ద సమస్య ఒత్తులతో వస్తుంది, దాని సంగతి లస్సీ దగ్గర చెప్తాను.

ముందు శ. ఈ ఒక్క అక్షరం మీదే షాపువాళ్లు ఎక్కువ సమయం పెట్టారు, పెట్టాల్సిందే.

పంజాబీ శ కు 2614 అని సొంత సంఖ్య ఉందని చెప్పాను కదా. అదే శ ను ఇంకోలా కూడా రాయొచ్చు. స సంఖ్య 2616, దాని వెనకాల చుక్క సంఖ్య 2620. ఒకటి ఒకే సంఖ్యతో రాసిన శ, ఇంకొకటి రెండు సంఖ్యలతో రాసిన శ. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, ఫ్లెక్సీ మీద అసలు తేడా పట్టలేం. అమ్మాయి నోట్‌ప్యాడ్‌లో రెండింటినీ పక్కపక్కన కొట్టి, ఒక్కోదాని వెనక బ్యాక్‌స్పేస్ నొక్కింది. మొదటిది నొక్కగానే మొత్తం అక్షరం పోయింది. రెండోది నొక్కితే చుక్క మాత్రమే పోయి, స మిగిలింది. కంప్యూటర్ లోపల అవి వేరువేరని ఇంతకంటే తేటగా చూపించలేరు.

ఇలా రెండు దారులున్న అక్షరాలు గుర్ముఖిలో ఆరు. చుక్కతో రాసే శ, ళ, ఖ, గ, జ, ఫ. వీటిలో ఖ, గ, జ, ఫ లకు చుక్క పెట్టేది ఎక్కువగా పార్సీ, అరబీ నుంచి వచ్చిన మాటల ఉచ్చారణ కోసం. మా మెనూ చూసుకుంటే ఉల్లిగడ్డను వాళ్లు ప్యాజ్ అంటారు, చివర చుక్క జ. సబ్జీలో చుక్క జ. శాహీ పనీర్‌లో, శిమ్లా మిర్చ్‌లో చుక్క శ. వంటల పేర్లలో ఈ చుక్క లేని పేజీ ఉండదు.

రెండు దారులుంటే నష్టమేంటంటే, వెతికినప్పుడు దొరకదు. మా పాత క్యూఆర్ మెనూలో వెతికే డబ్బా ఒకటి ఉండేది. ఓ కుటుంబంలో కాలేజీ అమ్మాయి తన ఫోన్‌లో పంజాబీలో "శాహీ పనీర్" అని కొడితే, "దొరకలేదు" అని వచ్చింది. అదే మెనూలో కింద శాహీ పనీర్ ఉంది, ఆమె కళ్లకు కనిపిస్తోంది కూడా. మెనూలో ఉన్నది ఒక సంఖ్య శ, ఆమె కీబోర్డు పంపింది రెండు సంఖ్యల శ. అక్షరాలు కలిసినా అంకెలు కలవలేదు. ఏ కీబోర్డు ఏ రూపం పంపుతుందో దాన్ని చేసినవాళ్లను బట్టి ఉంటుంది. వచ్చే ప్రతి మనిషి ఫోన్ మన చేతిలో ఉండదు.

దీనికి యూనికోడ్‌లోనే మందు ఉంది. నార్మలైజేషన్ అంటారు. ఒకే అక్షరానికి ఉన్న వేరువేరు రూపాలను ఒక ప్రామాణిక రూపంలోకి తెచ్చే నియమం అది. మామూలుగా వాడే ఎన్‌ఎఫ్‌సీ అనే పద్ధతి ముక్కలను కలిపి ఒకటి చేస్తుంది. మన తెలుగు ఐత్వాన్నే తీసుకోండి. దానికి 3144 అనే సంఖ్య ఉంది, 3142, 3158 అనే రెండు ముక్కలుగానూ రాయొచ్చు. ఎన్‌ఎఫ్‌సీ ఆ రెంటినీ కలిపి 3144 చేస్తుంది. గుర్ముఖి చుక్క అక్షరాలకు మాత్రం కథ తిరగబడుతుంది. ఆ ఆరూ "కలపకూడనివి" అనే జాబితాలో ఉన్నాయి. ఒక సంఖ్య శ ను ఎన్‌ఎఫ్‌సీలో వేసినా సరే, అది విడిపోయి 2616, 2620 గా బయటికి వస్తుంది. అలాగని 2614 ను యూనికోడ్ ఎప్పుడూ తీసేయదు. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మార్చకూడదు, తొలగించకూడదు అన్నది వాళ్ల కట్టుబాటు. కాబట్టి రెండు రూపాలూ లోకంలో ఎప్పటికీ తిరుగుతూనే ఉంటాయి. మెనూ చేసేవాళ్లే జాగ్రత్త పడాలి.

షాపువాళ్లు చేసింది సూటిగా ఉంది. మా మెనూ పదాలన్నీ రెండు సంఖ్యల రూపంలోకి మార్చి దాచారు. వెతికే డబ్బాలో ఎవరేం కొట్టినా, పోల్చే ముందు దాన్ని కూడా అదే రూపంలోకి తెచ్చే ఏర్పాటు చేశారు. ప్రోగ్రాంలో అది ఒక్క లైను పని అని అమ్మాయే చెప్పింది. ఆ ఒక్క లైను పెట్టాలని తెలిసినవాళ్లు కావాలి. ఇప్పుడు ఏ ఫోన్‌లో కొట్టినా శాహీ పనీర్ వస్తోంది, ప్యాజ్ పరాఠా వస్తోంది.

ఇక ఆ వేలాడే చుక్క. శుద్ధలో మొదటి అక్షరం శు. గుర్ముఖిలో కొమ్ము కూడా అక్షరం కిందే వస్తుంది. అంటే స కింద చుక్కా ఉండాలి, ఉకారమూ ఉండాలి. దాచుకునే వరుస ఒక్కటే సరైనది: ముందు స, వెంటనే చుక్క, ఆ తర్వాతే ఉకారం. పాత బోర్డులో ఈ మాటను చేత్తో కొట్టినట్టున్నారు, ఉకారం కొట్టాక చుక్క కొట్టారు. అప్పుడు కొన్ని ప్రోగ్రాంలకు ఆ చుక్క ఎవరిదో తెలియదు. ఆధారం లేని గుర్తు అని చెప్పడానికి చుక్కల సున్నా గీసి, దాని కింద పెడతాయి. నార్మలైజేషన్ ఈ వరుసను సరిచేయదు. టైప్ చేసేవాళ్లే సరిగ్గా కొట్టాలి. శుద్ధ మొత్తానికి వరుస 2616, 2620, 2625, 2673, 2599 అని ఆ అమ్మాయి ప్రూఫ్ కాగితం మార్జిన్‌లో పెన్నుతో రాసి ఇచ్చింది. ఆ కాగితం నా దగ్గర దాచుకున్నాను. రేపు బోర్డు మళ్లీ వేయించాల్సి వచ్చినా ఎక్కడైనా ఇదే చూపిస్తాను.

ఆ వరుసలో 2673 ఏంటో చూడండి. మన శుద్ధలో ద కింద ధ ఒత్తు ఉంటుంది. పంజాబీలో ఒత్తు రాయరు. హల్లును నొక్కి పలకాల్సిన చోట, దాని ముందు పైన అద్దక్ అనే చిన్న నెలవంకలాంటి గుర్తు పెడతారు. లస్సీ కూడా అంతే. ల, అద్దక్, స, దీర్ఘం. 2610, 2673, 2616, 2624. తెలుగు లస్సీని 512 తీసి మారిస్తే ల, స, హలంతం (మన పొల్లు గుర్తు), స, దీర్ఘం వస్తాయి. గుర్ముఖిలో స కు ఒత్తు రూపం లేదు కాబట్టి, ఆ హలంతం గీతలా స కింద నిలబడిపోతుంది. మా పాత మెనూలో కనిపించిన గీత అదే. మఖ్ఖన్, పక్కా, మక్కీ, పంజాబీ వంటింట్లో ద్విత్వం లేని సరుకు తక్కువ. ఇవన్నీ పాత కార్డులో గీతలతో పడ్డాయి.

అలాగని హలంతం పంజాబీలో పనికిరానిది కాదు. ఆవాల ఆకు కూరను సర్హోం దా సాగ్ అంటారు. అందులో ర కింద చిన్న హ వేలాడుతుంది. అది రావాలంటే ర, హలంతం 2637, హ అని కొట్టాలి. హ, ర, వ లాంటి కొన్నిటికే అలా కింద వేలాడే రూపాలున్నాయి. ఏ హల్లుకు అద్దక్, ఏ హల్లుకు హలంతం అన్నది తెలియనివాళ్లు కన్వర్టర్‌ను నమ్ముకుంటే ఆ కూర పేరు కూడా పాడవుతుంది.

సున్న సంగతీ అంతే. మనకు ఒకే సున్న. వాళ్లకు రెండున్నాయి. పంజాబ్ అన్న మాటలో ప మీద టిప్పీ, పరాంఠాలో దీర్ఘం మీద బిందీ. టిప్పీ 2672, బిందీ 2562. ముందున్న అచ్చును బట్టి ఏది పెట్టాలో నిర్ణయమవుతుంది. కన్వర్టర్ అన్నిచోట్లా బిందీయే పెడుతుంది, ఎందుకంటే మన సున్నకు సరిగ్గా 512 వెనకాల ఉన్నది అదే. పాత బోర్డులో పంజాబ్ అన్న మాట కూడా తప్పే పడిందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. వచ్చిన అతిథులు అది చూసి కూడా ఏమీ అనలేదంటే వాళ్ల మంచితనం.

పకోడాది వేరే కథ. అందులో ఉన్న డ లాంటి అక్షరానికి హిందీలో డ రాసి చుక్క పెడతారు. పంజాబీలో అది చుక్క అక్షరమే కాదు. మొదటి నుంచీ ఉన్న 35 అక్షరాల్లో చివరిది, దానికి సొంత ఆకారం, 2652 అని సొంత సంఖ్య. దాన్ని ముక్కలు చేసే దారే లేదు. హిందీ అలవాటుతో డ కు చుక్క పెడితే పంజాబీ కళ్లకు అది ఏ అక్షరమూ కాదు. చుక్క అక్షరాలు ఆ 35 లోవి కావు, తర్వాత చేర్చుకున్నవి. సంఖ్యలు ఇచ్చినవాళ్లు ఈ తేడాను గౌరవించారు.

చుక్కను వేరుగా దాచుకునే పద్ధతి మనకూ పరాయిదేం కాదు. 2021లో వచ్చిన యూనికోడ్ 14లో తెలుగుకు కూడా నుక్తా, అంటే ఇలాంటి కింది చుక్క, చేరింది, సంఖ్య 3132. గుర్ముఖి చుక్కకు సరిగ్గా 512 పైన.

షాపువాళ్ల ఓపిక ఇంకో చోట చూశాను. మా దగ్గర ఆగే ఒక డ్రైవర్ పాజీ తన ఊళ్లో చుట్టాల దాబా మెనూ ఫైలు తెప్పించి ఇచ్చాడు. తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాలు, అర్థం లేకుండా. వేరే ఎవరైనా ఫైలు పాడైందని తిప్పి పంపేవాళ్లు. ఈ అమ్మాయి ఒక మాట చూపించింది: పి, పెద్ద ఎం, జె, డబ్ల్యూ, బి. "ఇది పంజాబ్ అక్కా. పాత ఫాంటు." యూనికోడ్ అందరికీ అందకముందు, మన దగ్గర అను ఫాంట్లలాగే, పంజాబీకి కూడా ఇంగ్లీషు కీల మీద పంజాబీ బొమ్మలు కూర్చిన ఫాంట్లు వాడేవాళ్లు. డాక్టర్ కుల్‌బీర్ సింగ్ థింద్ చేసిన అన్మోల్ లిపి వాటిలో బాగా పేరున్నది. అందులో చిన్న ఎస్ అంటే స, పెద్ద ఎస్ అంటే శ. ఫాంటు ఉన్నంతసేపు పంజాబీ, లేకపోతే ఇంగ్లీషు చెత్త. ఎంతోమంది సిక్కుల పవిత్ర వాక్కులైన గుర్బాణీని కంప్యూటర్‌లో మొదట చదివింది ఆ తరహా ఫాంట్ల వల్లే కాబట్టి వాటిని తీసిపారేయలేం.

అలాంటి ఫైలును యూనికోడ్‌లోకి మార్చడంలో ఒక చిక్కుంది. పంజాబీలో హ్రస్వ ఇకారం అక్షరానికి ఎడమవైపు కనిపిస్తుంది. పాత ఫాంట్లలో కంటికి కనిపించే వరుసలోనే కొట్టేవాళ్లు, ముందు ఇకారం, తర్వాత అక్షరం. యూనికోడ్‌లో పలికే వరుస: ముందు అక్షరం, తర్వాత ఇకారం. ఎడమకు జరిపి చూపించే పని ఫాంటుది. కాబట్టి శిమ్లా మిర్చ్ మార్చేటప్పుడు ఇకారాన్ని ఒక అడుగు వెనక్కి తేవాలి. శి విషయంలో ఇంకో మెట్టు, స తర్వాత చుక్క, ఆ తర్వాత ఇకారం. ఆ అమ్మాయి మార్పిడి ప్రోగ్రాంలో వేసి ఊరుకోలేదు. మెనూలో ఇకారం ఉన్న ప్రతి మాటనూ విడిగా ఏరి, ఒక్కోటీ బ్యాక్‌స్పేస్‌తో వెనక్కి వెళ్లి చూసింది. నేను పక్కనే కూర్చున్నాను. టీ చల్లారిపోయింది గానీ ఆమె లేవలేదు.

ఫాంటు ఎంపికలో నా మాట విన్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్ల రావి, గూగుల్ వాళ్ల నోటో సాన్స్ గుర్ముఖి, ఏక్ టైప్ వాళ్ల ముక్తా మాహీ, బాలూ పాజీ, అన్నిట్లో శుద్ధ అని వేసి ప్రింటు తీసి ఇచ్చారు. హైవే మీద వేగంగా వచ్చే లారీలోంచి చదవాలి. అందుకే చుక్కా ఉకారమూ ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండటం ముఖ్యం. లావు అక్షరాలని బాలూ పాజీ తీసుకున్నాం. దానికి తెలుగు జోడీ బాలూ తమ్ముడు. బోర్డు మీద తెలుగు లైను అందులో వేశారు. ఒకే కుటుంబం ఫాంట్లు కావడంతో రెండు లైన్లూ ఒకే చేయి రాసినట్టు ఉన్నాయి. రెండూ ఉచితంగా వాడుకోవచ్చు, లైసెన్సు టెన్షన్ లేదు.

ఫ్లెక్సీకి పంపే ముందు అక్షరాలను కర్వ్స్ చేస్తారు. అంటే అక్షరం బొమ్మ అయిపోతుంది, ప్రింటింగ్ మిషన్‌కు ఫాంటు అవసరం ఉండదు. చాలా షాపులు "కళ్లకు బాగుంటే చాలు" అనుకోవడానికి కారణం ఇదే. ఫ్లెక్సీ మీద బొమ్మే కదా, లోపల సంఖ్యలు ఏవైతే ఏంటి అని. కానీ అదే పేరు రేపు ఫోన్ మెనూలోకి, బిల్లులోకి, వాట్సాప్ మెసేజ్‌లోకి, మ్యాప్‌లోకి పోతుంది. అక్కడ బొమ్మ పనిచేయదు, సంఖ్యలే పనిచేస్తాయి. ఈ షాపు కర్వ్స్ చేసిన ఫైలుతో పాటు, సరిచూసిన అక్షరాల ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది. నా దృష్టిలో కొన్న వస్తువు అదే. ఫ్లెక్సీ ఎండకు రెండు వేసవుల్లో తెల్లబోతుంది, ఆ ఫైలు ఉండిపోతుంది.

ప్రూఫ్ చదివించడానికి వాళ్లే పట్టుబట్టారు. "మాకు సంఖ్యలు తెలుసు గానీ భాష రాదక్కా, చదివేటోళ్లను తీసుకురండి" అన్నాడు యజమాని. ఈ మాట అనే షాపులు ఎన్నుంటాయి? లూధియానా వైపు నుంచి వచ్చే పాజీ ఒకాయన మా దగ్గర భోంచేసి, మంచం మీద కూర్చుని కార్డు మొత్తం చదివాడు. రెండు చోట్ల అద్దక్ తక్కువైందని, ఒకచోట ఎక్కువైందని పెన్నుతో గుర్తు పెట్టాడు. నేను ఫోటో తీసి పంపితే ఆ సాయంత్రానికే సరిచేసి పంపారు, విడిగా డబ్బులు అడగలేదు.

రేట్ల విషయానికొస్తే, ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్కన ఊళ్లో అందరూ తీసుకునేదే తీసుకున్నారు. పంజాబీ టైపింగ్‌కు, పాత ఫైలు మార్చినందుకు కలిపి కొంచెం ఎక్కువే పడింది. చేసిన పని చూస్తే నాకు ఎక్కువ అనిపించలేదు. పేజీకి ఇంత అని లెక్కకట్టే పని కాదిది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. పని నెమ్మది. పెళ్లిళ్ల సీజన్‌లో వెళ్తే కార్డుల పని ముందు, మీ పని తర్వాత. బండి పెట్టుకోవడానికి సందులో చోటు లేదు, క్లాక్ టవర్ దగ్గరే ఎక్కడో ఆపి నడవాలి. ఆ అమ్మాయి సెలవులో ఉంటే ఇలాంటి పని యజమాని ముట్టుకోడు, రేపు రమ్మంటాడు. ఫోన్ చేసి ఆమె ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. క్యూఆర్ మెనూలో ధర మార్చాలంటే ఇప్పటికీ వాళ్లకే చెప్పాలి. మా చేతికి ఇవ్వమని అడిగాను, చేస్తామన్నారు గానీ ఇంకా చేయలేదు.

బిల్లు ప్రింటర్ పని కూడా మిగిలింది. కౌంటర్ మీద ఉండే ఆ చిన్న ప్రింటర్‌కు ఇంగ్లీషు అక్షరాలే తెలుసు, పంజాబీ పంపితే ప్రశ్న గుర్తులు కొడుతోంది, తెలుగు పంపినా అంతే. బిల్లును బొమ్మగా మార్చి పంపితే పడుతుందని షాపులో ఒకసారి చేసి చూపించారు, శాహీ పనీర్ చుక్కతో సహా పడింది. కాకపోతే ఒక్కో బిల్లుకు టైమ్ ఎక్కువ పడుతోంది, మధ్యాహ్నం రద్దీలో అది కుదరదు. వేగంగా పడే ప్రింటర్ ఏదో చూసి చెప్తామన్నారు. అప్పటిదాకా బిల్లు ఇంగ్లీషులోనే ఇస్తున్నాం.